చేతి ఎంబ్రాయిడరీ మొదలుపెట్టేవారు ముందుగా ఏం కొనాలి, ఎలా ఎంచుకోవాలి

చేతి ఎంబ్రాయిడరీ నేర్చుకోవాలనుకునే చాలామంది మొదట కొనేది వంద రంగుల దారాల డబ్బా. ఆ తర్వాత ఇంట్లో దొరికిన ఏదో ఒక గుడ్డ, కుట్టుమిషను పక్కన కనిపించిన ఏదో ఒక సూది తీసుకుని కూర్చుంటారు. దారం నూగు లేస్తుంది, గుడ్డ ముడుచుకుపోతుంది, ఒక్క ఆకు పూర్తయ్యేసరికి విసుగొస్తుంది. నెల తిరక్కుండానే సామానంతా అటకెక్కుతుంది. "నా చేతికి ఈ పని రాదు" అని తేల్చేసుకుంటారు. చాలాసార్లు తప్పు చేతిది కాదు. ఆ గుడ్డకూ దారానికీ సూదికీ పొసగలేదంతే.

అందుకే కొనడం గుడ్డతో మొదలుపెట్టండి. గుడ్డ నేతను బట్టి దారం ఎన్ని పోగులు వాడాలో తెలుస్తుంది. పోగులను బట్టి సూది నంబరు, గుడ్డ మందాన్ని బట్టి ఫ్రేము తేలుతాయి. ఈ వరుసలో వెళ్తే కొనాల్సినవి చాలా కొద్దిగా మిగులుతాయి, కొన్నవన్నీ పనికొస్తాయి.

ఇక్కడ చెప్పేదంతా మామూలు సూదితో, చేతిలో పట్టుకునే గుండ్రటి ఫ్రేముతో చేసే పని గురించి. కాడ కుట్టు, గొలుసు కుట్టు, లేజీ డైజీ (పూరేకులా కనిపించే విడి గొలుసు), శాటిన్ కుట్టు, ఫ్రెంచ్ నాట్ (చిన్న ముడి) లాంటి కుట్లు. మగ్గం వర్క్ వేరే విద్య. దానికి కొన దగ్గర కొక్కెం ఉన్న ఆరి సూది కావాలి, గుడ్డను పెద్ద చట్రానికి బిగించాలి, దారం కింద పట్టుకుని పైకి లాగాలి. దుకాణాల్లో రెండింటి సామానూ పక్కపక్కనే పెడతారు. అడిగేటప్పుడే "మామూలు సూదితో చేసే ఎంబ్రాయిడరీకి, మగ్గానికి కాదు" అని చెప్పండి. లేకపోతే జర్దోసీ, కుందన్లు, సిల్క్ దారం రీళ్ళు మీ సంచిలోకి వచ్చేస్తాయి.

మొదటి మెట్టు: గుడ్డ

నూలు గుడ్డే తీసుకోండి. జార్జెట్, క్రేప్, శాటిన్ జారుతాయి. టీషర్టు గుడ్డ సాగుతుంది. పట్టు మీద ఒకసారి సూది పడితే ఆ బెజ్జం మిగిలిపోతుంది, విప్పి మళ్ళీ కుట్టడానికి వీలుండదు. నేర్చుకునేటప్పుడు విప్పడం తప్పదు కాబట్టి, విప్పినా తట్టుకునే గుడ్డ కావాలి.

మన ఊళ్ళలో మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్తే దొరికేవాటిలో నా మొదటి ఓటు కేస్‌మెంట్‌కు. కర్టెన్లకూ దిండు గలీబులకూ వాడే మందపాటి నూలు గుడ్డ ఇది. నేత సమంగా ఉంటుంది, ఫ్రేములో జారదు, వెనకవైపు దారం కొసలు ముందుకు కనిపించవు. అది దొరక్కపోతే కాస్త మందంగా ఉన్న పాప్లిన్ తీసుకోండి. కేంబ్రిక్ మెత్తగా, ఇంకాస్త పల్చగా ఉంటుంది. రెండు పోగులతో చేసే సన్నని పనికి బావుంటుంది. మల్ గుడ్డ మరీ పల్చన, మొదటి రోజుల్లో వద్దు. జాకెట్లకు వాడే టూ బై టూ రూబియా మీద కుట్టాలని అందరికీ ఉంటుంది కానీ, అది కూడా పల్చనిదే. చెయ్యి కుదిరాక, వెనక ఒక పొర లైనింగ్ వేసుకుని కుట్టుకోవచ్చు. మంగళగిరి నూలు గుడ్డ మీద ఎంబ్రాయిడరీ చాలా అందంగా వస్తుంది, రెండో మూడో పనికి దాచుకోండి. పొందూరు ఖద్దరు లాంటి గుడ్డను మాత్రం దయచేసి సాధనకు వాడకండి. దాని వెనక ఎంత చేతిపని ఉందో తెలిసినవారెవరూ దాని మీద మొదటి కుట్లు వెయ్యరు.

మ్యాటీ గుడ్డ గురించి ఒక మాట. గళ్ళు గళ్ళుగా, బెజ్జాలు స్పష్టంగా కనిపించే ఆ గుడ్డ గళ్ళు లెక్కపెట్టి కుట్టే క్రాస్ స్టిచ్‌కు తగినది. పూలు, తీగలు గీసి కుట్టే పనికి అది కుదరదు. వంపు తిరిగే గీత గళ్ళ మధ్య ఎటూ కాకుండా పోతుంది.

దుకాణంలోనే చెయ్యాల్సిన పరీక్షలు మూడున్నాయి. గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టుకుని వెనక మీ వేళ్ళు పెట్టండి. వేళ్ళు స్పష్టంగా కనిపిస్తే, రేపు వెనక దాచిన దారం కొసలూ అలాగే కనిపిస్తాయి. రెండోది, గుడ్డ మూలను రెండు బొటనవేళ్ళ మధ్య గట్టిగా నలపండి. తెల్లటి పొడి రాలితే ఆ మందం గంజిది, ఒక్క ఉతుకుతో పోతుంది. మూడోది, పడుగు (నిలువు దారాలు) వెంట ఒకసారి, పేక (అడ్డ దారాలు) వెంట ఒకసారి లాగి చూడండి. రెండు వైపులా దాదాపు ఒకేలా నిలబడాలి. మూలగా లాగితే ఏ గుడ్డయినా కొంచెం సాగుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

రంగు తెలుపు, గోధుమ రంగు లేదా ఏదైనా లేత రంగు. నలుపు మీద రంగులు మెరుస్తాయి నిజమే, కానీ గీత కనిపించదు, రాత్రి పూట కళ్ళు లాగుతాయి. ముప్పై ఆరు అంగుళాల పన్నా ఉన్న గుడ్డ అరవై సెంటీమీటర్లు తీసుకుంటే ఆరు అంగుళాల ఫ్రేముకు సరిపోయే ముక్కలు ఆరు వస్తాయి. మొదటి నెలకు అవి చాలు.

ఇంటికి తెచ్చాక కత్తిరించే ముందు వేడి నీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యండి. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. కుట్టాక కుంచించుకుపోతే దారం అలాగే ఉండి చుట్టూ గుడ్డ ముడతలు పడుతుంది. ఆ ముడతలు ఇస్త్రీతో పోవు.

అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉండి కొనేవారు క్విల్టింగ్ కాటన్ అని అడగండి, మన పాప్లిన్‌కు దగ్గరగా ఉంటుంది. అమెరికా దుకాణాల్లో మస్లిన్ పేరుతో అమ్మేది మన మల్ లాంటి పల్చని గుడ్డ కాదు, తెల్లబరచని మామూలు నూలు గుడ్డ. సాధనకు అది చక్కగా పనికొస్తుంది.

రెండో మెట్టు: దారం

మొదలుపెట్టేవారికి ఆరు పోగుల నూలు దారమే సరైనది. యాంకర్, డీఎంసీ రెండు కంపెనీలూ దీన్ని ఎనిమిది మీటర్ల లచ్చిగా అమ్ముతాయి. మన దగ్గర యాంకర్ తేలిగ్గా దొరుకుతుంది. ఫ్రాన్సుకు చెందిన డీఎంసీ ఇక్కడ కొంచెం ఖరీదు, విదేశాల్లో ఉన్నవారికి అదే ముందు దొరుకుతుంది. నాణ్యతలో రెండూ బావుంటాయి. ఈ దారానికున్న మెరుపు పైపూత వల్ల వచ్చింది కాదు. నూలును బిగుతుగా లాగి పట్టి కాస్టిక్ సోడాలో ముంచితే పోగు గుండ్రంగా ఉబ్బి మెరుపు, బలం వస్తాయి, రంగు లోపలిదాకా పడుతుంది. అందుకే ఉతికినా ఆ మెరుపు నిలుస్తుంది.

ఆరు పోగులు విడదీయగలగడమే దీని గొప్పతనం. సన్నని గీతకు ఒకటి, పూలకూ ఆకులకూ రెండు, కొట్టొచ్చినట్టు కనిపించాల్సిన కాడకు మూడు, మందపాటి గొలుసుకు ఆరు. ఒకే లచ్చి నుంచి ఇన్ని మందాలు వస్తాయి. పెరల్ కాటన్ అని ఇంకోటి ఉంటుంది. రెండు పోగులు మెలితిప్పినట్టు ఉండి విడదీయడానికి రాదు. 5, 8, 12 నంబర్లలో దొరుకుతుంది, నంబరు పెరిగే కొద్దీ సన్నబడుతుంది. మంచి దారమే కానీ మొదట అవసరం లేదు. రీళ్ళలో అమ్మే సిల్క్ దారం చాలావరకు అసలు పట్టు కాదు, రేయాన్. మెషీన్ ఎంబ్రాయిడరీకీ మగ్గానికీ బావుంటుంది. మామూలు సూదిలో జారిపోతుంది, మెలికలు పడుతుంది. దాంతో నేర్చుకోవాలనుకుంటే అనవసరమైన టెన్షన్.

ఇక ఆ వంద రంగుల డబ్బాల సంగతి. వాటిలో కొన్నింటి మీద కాటన్ అని రాసి ఉన్నా లోపల ఉండేది పాలియెస్టర్. తెలుసుకోవడం తేలికే. ఒక చిన్న పోగును పట్టకారుతో పట్టుకుని, నీళ్ళ పక్కన నిలబడి, కొసకు అగ్గి చూపించండి. నూలైతే కాగితం కాలిన వాసన వేసి, వేలితో నలిపితే బూడిదయిపోతుంది. పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. పాలియెస్టర్ దారం తప్పకుండా చెడిపోతుందని కాదు. కానీ నూలు గుడ్డ మీద అది ఒదిగి కూర్చోదు, ముడి వదులవుతుంది, రంగుల్లో లోతు ఉండదు. పైగా ఆ వందలో మీరు వాడేవి పది ఉంటాయి. ఇష్టంగా వాడే ఆకుపచ్చ అయిపోతే అదే రంగు మళ్ళీ దొరకదు, ఎందుకంటే దాని మీద నంబరు ఉండదు.

విడిగా ఎనిమిది లచ్చీలు కొనండి. ఆకుపచ్చలో ముదురు ఒకటి, లేత ఒకటి. ఎరుపు, దానికి జతగా గులాబీ. పసుపు, నీలం, కాఫీ రంగు, నలుపు. ఒకే రంగులో ముదురు, లేత రెండూ ఉంటే ఆకుకూ రేకకూ నీడ తేవచ్చు. విడివిడిగా ఎనిమిది వేర్వేరు రంగులు కొంటే ఆ వీలుండదు. ప్రతి లచ్చికీ కాగితం చుట్టి ఉంటుంది, దాని మీది నంబరు ముఖ్యం. కాగితాన్ని పారేయకండి, దారాన్ని అట్టకు చుట్టుకుంటే నంబరు ఆ అట్ట మీద రాసుకోండి. ఒక కంపెనీ నంబరు ఇంకో కంపెనీకి వర్తించదు. యాంకర్‌లో నలుపు 403, డీఎంసీలో 310. వీడియో చూసి నంబర్లు రాసుకునేటప్పుడు ఏ కంపెనీవో కూడా రాసుకోండి.

ఎరుపు, మెరూన్, ముదురు నీలం దారాలను వాడే ముందు ఒక్కసారి తడి పరీక్ష చెయ్యండి. జానెడు దారం తడిపి తెల్ల గుడ్డ మడతలో పెట్టి గట్టిగా నొక్కండి. రంగు అంటుకుంటే ఆ దారం తెల్ల గుడ్డకు పనికిరాదు. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని చెబుతుంటారు. ఫ్యాక్టరీలో సరిగ్గా ఎక్కని రంగును ఉప్పు ఆపలేదు.

ఒకసారికి తీసుకునే దారం మూరెడు ఉండాలి. అంతకు మించితే గుడ్డలోంచి పదేపదే లాగబడి నూగు లేస్తుంది, చిక్కులు పడుతుంది. పోగులు విడదీసేటప్పుడు రెండు కావాలంటే రెండూ కలిపి లాగకండి. ఒక్కొక్కటి పైకి లాగి, తర్వాత రెంటినీ కలుపుకోండి. కుట్టు పరుచుకుని నిండుగా కనిపిస్తుంది.

మూడో మెట్టు: సూది

ఎంబ్రాయిడరీ సూది అని అడిగి తీసుకోండి, క్రూవెల్ అన్నా అదే. కొన పదునుగా, బెజ్జం పొడవుగా ఉంటుంది. ఇంట్లో గుండీలు కుట్టే సూదికి బెజ్జం చిన్నది, రెండు మూడు పోగులు ఎక్కించడమే కష్టం, ఎక్కినా దారం రాసుకుని పాడవుతుంది.

నంబరు పెరిగే కొద్దీ సూది సన్నబడుతుందని గుర్తుంచుకోండి. 3 నుంచి 9 దాకా కలిపి ఉన్న ఒక ప్యాకెట్ చాలు. ఒకటి రెండు పోగులకు 9, మూడింటికి 7, నాలుగింటికి 5, ఆరింటికి 3 దగ్గర్లో మొదలుపెట్టి చూడండి. ఈ లెక్క గుడ్డను బట్టి ఒకటి అటూ ఇటూ మారుతుంది. అసలు తీర్పు గుడ్డే చెబుతుంది. బెజ్జం దగ్గర ఆగిపోయి ప్రతిసారీ గట్టిగా లాగాల్సి వస్తోందంటే సూది సన్నది, దారానికి చాలినంత దారి చెయ్యడం లేదు. కుట్టు పడ్డాక పక్కన రంధ్రం తెరుచుకుని కనిపిస్తోందంటే సూది లావు.

మన దేశంలో తయారయ్యే పోనీ కంపెనీ సూదులు దొరికితే తీసుకోండి. చవక సూదుల్లో బెజ్జం లోపలి అంచు గరుకుగా ఉండి దారాన్ని కోస్తుంది. క్రాస్ స్టిచ్ చెయ్యాలనుకుంటే మొద్దు కొన ఉన్న టేపెస్ట్రీ సూది వేరే ఉంటుంది, ఇప్పుడు దాని జోలికి వెళ్ళనక్కర్లేదు. దారం ఎక్కకపోతే కొసను నాలుక మీద తడిపే కన్నా కత్తెరతో కొత్తగా కత్తిరించి, వేళ్ళ మధ్య నొక్కి చదునుగా చెయ్యండి. అప్పటికీ ఎక్కకపోతే సూదిని రెండో వైపుకు తిప్పండి, బెజ్జం ఒక పక్క కాస్త నునుపుగా ఉంటుంది.

కోస్తా ఊళ్ళలో ఉండేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. పని ఆపేటప్పుడు సూదిని గుడ్డకే గుచ్చి వదిలేస్తే ఆ గాలిలోని తేమకు తుప్పు పట్టి గుడ్డ మీద మరక మిగులుతుంది. చిన్న ఊలు ముక్కకు గుచ్చి డబ్బాలో పెట్టుకోండి.

నాలుగో మెట్టు: ఫ్రేము

ఆరు అంగుళాల గుండ్రటి ఫ్రేము ఒకటి చాలు. అంచు పట్టుకున్న చేతి వేళ్ళు మధ్య దాకా అందాలి, కొలత అదే. ఎనిమిది, పది అంగుళాలవి చూడ్డానికి బావుంటాయి కానీ మధ్యలో కుట్టేటప్పుడు మణికట్టు నొప్పెడుతుంది. చిన్న చేతులవారికి అయిదు అంగుళాలదే హాయి. ఫ్రేము చుట్టూ రెండు అంగుళాల గుడ్డ మిగలాలి కాబట్టి ఆరు అంగుళాల ఫ్రేముకు పది అంగుళాల ముక్క కావాలి.

కొనేటప్పుడు రెండు చక్రాలనూ ఒకదానిలో ఒకటి పెట్టి స్క్రూ బిగించి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. చుట్టూ ఎక్కడా సందు కనిపించకూడదు. చెక్క ఫ్రేముల్లో చాలా చవకవి గుండ్రంగా ఉండవు, స్క్రూ ఎదురుగా ఉన్న వైపు గుడ్డ జారిపోతుంది. ప్లాస్టిక్‌వి అయితే లోపలి చక్రానికి చిన్న గట్టు ఉన్నది వెతకండి, ఆ గట్టు గుడ్డను పట్టి ఉంచుతుంది. స్క్రూ ఇత్తడిదో, గట్టి లోహానిదో ఉంటే ఎక్కువ కాలం మన్నుతుంది.

చెక్క ఫ్రేము తెచ్చుకున్నాక చెయ్యాల్సిన పని ఒకటుంది. దీన్ని చాలామంది చెప్పరు, నాకు మాత్రం ఇది లేకుండా కుట్టడం అస్సలు ఇష్టం ఉండదు. పాత నూలు చీర నుంచి అరంగుళం వెడల్పు పీలిక చించి, లోపలి చక్రానికి ఏటవాలుగా, బిగుతుగా, పీలిక మీద పీలిక కొంచెం ఎక్కేలా చుట్టుకుంటూ రండి. చివర రెండు కుట్లు వేసి ముడి పెట్టండి. ఆ కుట్లు చక్రం లోపలి వైపున ఉండాలి, గుడ్డకు తగలకూడదు. ఇలా చుట్టిన ఫ్రేములో పల్చని గుడ్డ కూడా జారదు, అంచు ముద్రలు కూడా తక్కువ పడతాయి.

గుడ్డ బిగించేటప్పుడు పడుగు పైకీ కిందకీ, పేక అడ్డంగా తిన్నగా ఉండేలా పెట్టి, ఆ రెండు దిక్కుల్లోనే లాగండి. మూలలు పట్టి లాగితే నేత వంకరపోయి, విప్పాక మీ గుండ్రటి పువ్వు కోలగా మారిపోతుంది. వేలితో మీటితే డప్పులా పలకాలి. కుడిచేతి వాటం ఉన్నవారు స్క్రూను ఎడమ పక్క పైకి వచ్చేలా పెట్టుకుంటే దారం దానికి తగులుకోదు. ఎడమచేతి వారు కుడి పక్కకు పెట్టుకోండి. పని ఆపగానే ఫ్రేము విప్పెయ్యండి. వారం రోజులు అలాగే ఉంచితే పడిన గుండ్రటి ముద్ర, చేరిన దుమ్ము గీత రెండూ మొండిగా మిగులుతాయి.

కత్తెర, గీసే సామాను

నాలుగు అంగుళాల, కొన సన్నగా ఉన్న కత్తెర ఒకటి. కొన దగ్గరే కోస్తుందా అని గుడ్డ అంచు మీద కత్తిరించి చూసి కొనండి. ఆ కత్తెరతో కాగితం కత్తిరించనివ్వకండి, ఇంట్లో పిల్లలుంటే మరీ.

డిజైన్ దించడానికి తెల్ల గుడ్డ మీద మామూలు హెచ్‌బీ పెన్సిల్ చాలు, తేలిగ్గా గీయాలి. డిజైన్ ఉన్న కాగితాన్ని పగటి పూట కిటికీ అద్దానికి అంటించి, దాని మీద గుడ్డ పెట్టి గీసుకోండి. నీళ్ళతో పోయే నీలం పెన్ను ఇంకా హాయిగా ఉంటుంది, కానీ ఆ గీత పూర్తిగా ఉతికి పోగొట్టేదాకా ఇస్త్రీ పెట్టకూడదు. వేడి తగిలితే ఆ రంగు పట్టేస్తుంది. వేడికి మాయమయ్యే పెన్నులు కూడా ఉన్నాయి. వాటి గీత కనిపించకుండా పోయినా గుడ్డలోనే ఉంటుంది, గడ్డకట్టే చలిలో మళ్ళీ తేలుతుంది. చలి దేశాల్లో ఉన్న అక్కచెల్లెళ్ళకు బహుమతిగా పంపే వాటికి వాడకండి.

ముదురు గుడ్డకు తెల్ల లేదా పసుపు కార్బన్ కాగితం, అది కూడా కుట్టుపని కోసమని అమ్మేది. ఆఫీసుల్లో బిల్లులు రాసే నీలం కార్బన్ వదిలే జిడ్డు మరక పోదు. టైలరు దుకాణాల్లో బటర్ పేపర్‌కు సూదితో బెజ్జాలు పొడిచి, కిరసనాయిలులో కలిపిన తెల్లపొడి రుద్ది డిజైన్ వేస్తారు. అది మంచి పద్ధతే, ఒకే డిజైన్ పదిసార్లు వెయ్యాల్సినప్పుడు. ఒక్క పువ్వుకు అంత శ్రమ అక్కర్లేదు.

సూదిని తోసేటప్పుడు వేలు నొప్పెడుతుంటే అంగుస్తానా (వేలికి పెట్టుకునే తొడుగు) కొనుక్కోండి, మందపాటి గుడ్డకు అది చాలా ఉపయోగం. వెలుతురు కూడా సామానే. కుడిచేతి వాటం వారికి వెలుతురు ఎడమ వైపు నుంచి రావాలి, లేకపోతే చేతి నీడ సరిగ్గా సూది మీదే పడుతుంది.

ఇప్పుడే కొనకూడనివి: అద్దాలు, పూసలు, జరీ, ఫెవిక్రిల్ రంగులు, పది సైజుల ఫ్రేముల సెట్టు, చేతులు ఖాళీగా ఉంచే స్టాండు. లంబాడీ కుట్టుపని చూసి అద్దాల మీద మనసు పడడం సహజం. అద్దాలూ గవ్వలూ మోయాలంటే గుడ్డ మందంగా ఉండాలి, అద్దాన్ని పట్టి ఉంచే కుట్టు గట్టిగా రావాలి. ఆ రెండూ కుదిరాక కొనుక్కుంటే అద్దాలు ఊడిపోవు.

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో, విజయవాడ వస్త్రలతలోనో ఒక్క తిరుగుడులో గుడ్డంతా చూసుకోవచ్చు. చిన్న ఊరైతే మ్యాచింగ్ సెంటర్‌లో గుడ్డ, టైలరింగ్ సామాను దుకాణంలో మిగతావి. ఆన్‌లైన్‌లో తెప్పించేటప్పుడు దారానికి కంపెనీ పేరు, నంబరు, మీటర్లు రాసి ఉన్నదే తీసుకోండి. గుడ్డ మాత్రం వీలైనంతవరకు చేత్తో పట్టి చూసి కొనండి.

చివరి మెట్టు: అన్నీ పొసిగాయో లేదో చూడడం

బొమ్మ మొదలుపెట్టే ముందు ఒక ముక్కను ఫ్రేముకు బిగించి, అంగుళం ఎడంగా అయిదు గీతలు గీయండి. మొదటి గీత మీద ఒక పోగుతో కాడ కుట్టు, రెండో దాని మీద రెండు పోగులు, తర్వాత మూడు, నాలుగు, ఆరు. ప్రతి గీతకూ తగిన సూది మార్చండి. గీత పక్కనే పెన్సిల్‌తో పోగుల సంఖ్య, సూది నంబరు రాసుకోండి. మీ గుడ్డకు ఏ జత బావుందో ఈ ఒక్క ముక్కే చెబుతుంది, ఎవరి వీడియో చెప్పలేదు. కింద ఖాళీలో మీరు కొన్న ఎనిమిది రంగులూ ఒక్కో లేజీ డైజీ పువ్వుగా కుట్టండి.

తర్వాత ఆ ముక్కను చల్లటి నీళ్ళలో కొద్దిగా షాంపూ వేసి ఉతకండి. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడన ఆరేయండి. కాస్త చెమ్మ ఉండగానే మెత్తటి తువ్వాలు మీద కుట్టు కిందకు ఉండేలా పరిచి వెనక నుంచి ఇస్త్రీ చెయ్యండి. ఇప్పుడు చూడండి. రంగు అంటితే ఆ ఒక్క లచ్చిని మార్చుకోవాలి. పువ్వు చుట్టూ ముడతలుంటే గుడ్డ మొదటి ఉతుకులో పూర్తిగా కుంచించుకోలేదు, మిగిలిన ముక్కలను మరోసారి వేడినీళ్ళలో ముంచండి. గీతలు వంకర పోయుంటే ఫ్రేములో గుడ్డ మూలగా లాగబడింది. పెన్ను గీత ఇంకా కనిపిస్తుంటే ఆ పెన్ను ఈ గుడ్డకు వద్దు. ఏ లోపమూ లేకపోతే మిగిలిన అయిదు ముక్కల్లో ఒకటి తీసుకుని, అరచేతిలో పట్టేంత చిన్న డిజైన్ గీసుకుని మొదలుపెట్టండి. కొత్త రంగులు ఆ డిజైన్ అడిగినప్పుడు, నంబరు చూసి ఒక్కో లచ్చి కొనుక్కోండి.